కప్పు మీద చేపలు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో అందరూ వల వేసి బతికేవాళ్ళే. దుప్పటి సరిగ్గా కప్పుకో తల్లీ, చెబుతాను.

పెద్ద చేప పడితే ఏం చేసేవాళ్ళో తెలుసా? చీల్చి, ఉప్పు పట్టించి, కుక్కలు ముట్టకుండా తాటాకు ఇంటి కప్పు మీద ఎండేసేవాళ్ళు. ఉప్పుకేం కొదవ? ఊరి పక్కన పర్ర ఉండేది, సముద్రపు నీళ్ళు నిలిచే పల్లపు నేల. ఎండాకాలం ఆ నీళ్ళు ఇంకిపోతే నేలంతా ఉప్పు తెల్లగా పేరుకునేది. కొబ్బరిచిప్పతో గీకి తెచ్చుకునేవాళ్ళు.

అప్పుడు తెల్లదొరల చట్టం వచ్చింది. ఉప్పు గీకితే నేరమట! కుండ పగలగొట్టి, మనిషిని జైల్లో వేస్తారట. ఆ సముద్రాన్ని దొరగారి తాత తవ్వించాడా, చెప్పు? ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఉప్పు లేకపోతే చేప కుళ్ళిపోతుంది. చేప కుళ్ళితే పిల్లలు పస్తు. అందుకని చాటుగా గీకి తెచ్చి, కుండలో పోసి, పొయ్యి పక్కన పాతిపెట్టుకునేవాళ్ళు.

ముందు ఎర్రయ్య ఇంటి మీద పడ్డారు ఉప్పు జవాన్లు. తవ్వి, కుండ పగలగొట్టి, ఎర్రయ్యను లాక్కుపోయారు. ఆ తర్వాత ధనయ్య ఇల్లు. ఆ తర్వాత నూకాలు ఇల్లు. ఉప్పు లేని ఇంటి గడప ఒక్కటి తొక్కితే ఒట్టు!

ఎవరో చెబుతున్నారని ఊరికి అనుమానం పట్టుకుంది. పొయ్యిలోకి నిప్పు అడగడానికి వెళితే తలుపు వేసుకునేవాళ్ళు. మీ ఇంట్లో కూర చప్పగా ఉందా, ఉప్పగా ఉందా అని పక్కింటి పిల్లల్ని బుజ్జగించి కూపీ లాగేవాళ్ళు. సొంత ఆడపడుచు వచ్చినా పొయ్యికి అడ్డంగా కూర్చునేవాళ్ళు.

ఆ ఊళ్ళో దానమ్మని ఒకావిడ. నోరు కాస్త జాస్తి. "కొర్లమ్మే సెప్తంది. రోజూ గంపెత్తుకుని జవాన్ల ముందునుంచే కదేటి ఎల్తాది?" అంది.

ఊరూరా తిరిగి చేపలమ్ముకునే కొర్లమ్మకి మొగుడు లేడు, అన్నదమ్ములు లేరు. ఊరంతా అవునంది. "అమ్మతోడు, నాను సెప్పనేదు!" అని ఏడ్చినా ఎవరూ వినలేదు. ఊరు విడిచి పొమ్మన్నారు.

అప్పుడు కొర్లమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఇసక దిబ్బ ఎక్కింది. కడసారిగా వెనక్కి తిరిగి ఊరిని చూసుకుంది. కప్పులన్నీ బోసిగా ఉన్నాయి. ఒక్క కప్పు మీద మాత్రం చేపలు తళతళమంటున్నాయి. అది దానమ్మ ఇల్లు! కాళ్ళ దగ్గర చూస్తే జవాన్ల బూట్ల అడుగులు, కాల్చి పడేసిన చుట్టపీకలు.

ఎవరూ చెప్పలేదు తల్లీ. ఉప్పున్న ఇంటి కప్పు మీదే కదా ఉప్పుచేప ఎండేది! జవాన్లు ఆ దిబ్బ మీద నిలబడి చూసుకుని వచ్చేవాళ్ళు.

తనని గెంటేసిన ఊరు, ఏమైపోతే తనకేం? అయినా కొర్లమ్మ గంప అక్కడే పడేసి పరిగెత్తింది. "దానమ్మా, సేపలు దించెయ్యే! దిబ్బ మీంచి అగుపిస్తన్నాయి!" అని అరిచింది.

విషయం తెలిసి దానమ్మకి తల కొట్టేసినట్టయింది. కొర్లమ్మ చేతులు పట్టుకుని భోరుమంది. ఆ తర్వాత ఆ ఏడుపే కోపమైంది. "దించను! మన సేప, మన సముద్రం. దొంగల్లాగ ఎందుకు బతకాల? ఇన్నాళ్ళూ ఒకల్నొకలు అనుమానించి సచ్చినాం," అంది.

అప్పుడు ఊరంతా చేపలు పంచుకుని ప్రతి కప్పు మీదా ఎండేశారు. ఆ తర్వాత పట్టపగలే చిప్పలు పట్టుకుని, పిల్లా పెద్దా అందరూ పర్రలోకి దిగారు.

జవాన్లు వచ్చి, "ఉప్పు ఎవరింట్లో ఉంది?" అని గద్దించారు.

"మా ఇంట్లో!" అని ఊరంతా ఒక్కటే కేక.

ముందు నిలబడ్డ ఇద్దరినీ జైలుకి తీసుకుపోయారు. కొర్లమ్మనీ, దానమ్మనీ. అక్కడ ఒకే కంబళి కప్పుకుని పడుకున్నారట. కొర్లమ్మ మీద తాను వేసిన నింద తలుచుకుని దానమ్మ పోయేదాకా కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

దానమ్మ ఎవరనుకున్నావు? మా అమ్మే. జైలు నుంచి వచ్చాక ఆడపిల్ల పుడితే ఏం పేరు పెట్టిందో నువ్వే చెప్పు చూద్దాం. ఈ మీ అమ్మమ్మ పేరేంటి?

ఆఁ, అదే. కొర్లమ్మ.

కథేమో కంచికి,
ఉప్పేమో ఉట్టికి,
మనమేమో మంచానికి!