కాగితం కొంగ

ఇప్పచెట్ల కోన అని ఒక అడవి. ఆ అడవిలో కుందేళ్ళు, దుప్పులు, ముళ్ళపందులు, కొండముచ్చులు ఉండేవి. అడవి నడుమ తేటవాగు పారేది. వాగులో చేపలూ ఎండ్రకాయలూ ఉండేవి. ఎవరికి దాహం వేసినా ఆ వాగు దగ్గరికే వచ్చేవారు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. వేసవి సగంలోనే వాగు ఎండిపోయి ఒక్క మడుగు మిగిలింది. ఆ మడుగులో తరగమ్మ అనే పరక చేప, దాని పన్నెండు పిల్లలు ఉన్నాయి. ఒక్కో పిల్ల చింతాకంత ఉండేది. తోకలు మాత్రం ఎర్రగా, చూడముచ్చటగా ఉండేవి.

మడుగు ఒడ్డున ఒక తెల్లకొంగ కాపు కాసేది. నీళ్ళు తగ్గేకొద్దీ దాని పని తేలికైంది. పన్నెండు అని చెప్పాను కానీ, వారం కిందట ఆ పిల్లలు పదిహేను. మిగిలినవి కొంగ నీడ పడితే చాలు, తల్లి పొట్ట కిందికి దూరిపోయేవి.

తరగమ్మ అందరినీ పిలిచి ఏడ్చింది. "నేను బురదలో దూరి ఎలాగో ఊపిరి నిలుపుకుంటాను. పిల్లలు నిలవలేరు. వాన పడేదాకా ఎవరైనా కాపాడండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఎందుకమ్మా ఏడుస్తావు? నేను లేనూ!" అంటూ కొండముచ్చు చెంగయ్య ముందుకు దూకాడు.

చెంగయ్య చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కథ చివర మీరు అతన్ని తిట్టుకుంటారు. అతనిది జాలిగుండే. కాకపోతే ఏది అందమో తనకొక్కడికే తెలుసని అతని గట్టి నమ్మకం. ఎవరు గూడు కట్టినా వెళ్ళి వంక పెట్టేవాడు.

అడవి అంచున మనుషులు వదిలేసి పోయిన పాత బంగళా ఉంది. చెంగయ్య అక్కడి నుంచి రెండు గాజు తొట్లు మోసుకొచ్చాడు. ఒకటి పెద్దది, నిగనిగలాడేది. రెండోది చిన్నది, పైఅంచు విరిగింది. కొండ చెలమ నుంచి నీళ్ళు తెచ్చి రెండూ నింపాడు.

"ఒక్కడివే పన్నెండింటినీ ఎక్కడ చూస్తావు తమ్ముడూ? సగం నాకివ్వు" అంది ముసలి ఎండ్రకాయ గులకమ్మ. గులకమ్మ నాచు తప్ప ఇంకేమీ ముట్టదని అడవంతా ఎరుగుదురు. చెంగయ్య ఆరు పిల్లల్ని ఆమెకిచ్చి, అంచు విరిగిన తొట్టిని ఆమె బండ కింద పెట్టాడు. మిగిలిన ఆరింటినీ తన గుహలో పెద్ద తొట్టిలో వేసుకున్నాడు.

ఇక అలంకరణ మొదలైంది. తొట్టి వెనక ఒట్టి రాతిగోడ కనిపిస్తోంది. చెంగయ్యకు అది బొత్తిగా నచ్చలేదు. బంగళా గోడకున్న పాత క్యాలెండర్ గుర్తొచ్చింది. పరుగున వెళ్ళి దాని బొమ్మ చింపుకొచ్చాడు. ఆహా, ఏం బొమ్మ! నీలంగా కొలను, దాని నిండా తామరపూలు, మధ్యలో నిలువెత్తు తెల్లకొంగ. చెట్టు జిగురు రాసి బొమ్మను తొట్టి వెనక అద్దానికి అంటించాడు. నాలుగడుగులు వెనక్కి వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసుకుని మురిసిపోయాడు.

అటు గులకమ్మ తన తొట్టి వెనక నల్ల బురద మెత్తింది. తుంగ వేళ్ళు తెచ్చి లోపల వెనకవైపు గుచ్చింది. తనూ ఆ తొట్టిలోకే దిగి కూర్చుంది.

చూడటానికి వచ్చిన దుప్పులూ కుందేళ్ళూ గులకమ్మ తొట్టి చూసి మూతి విరిచారు. "ఇదేమి తొట్టి, మసిపట్టిన కుండలా ఉంది" అన్నారు. చెంగయ్య గుహకు వెళ్ళి మాత్రం నోళ్ళు తెరిచారు.

గులకమ్మ కూడా పక్కకు పక్కకు నడుచుకుంటూ చూడటానికొచ్చింది. వచ్చీ రాగానే గతుక్కుమంది.

"తమ్ముడూ, వెనక కొంగ ఉందయ్యా!"

"ఉంది. బాగుంది కదూ?"

"ఆ పసివాటికి బాగుండొద్దూ? వాటి తోబుట్టువుల్ని తిన్నది కొంగే కదా."

చెంగయ్య పగలబడి నవ్వాడు. "అక్కా, అది కాగితం. కాగితం కొంగ ఎక్కడైనా చేపల్ని తింటుందా?"

"అది కాగితమని నీకు తెలుసు. వాటికెవరు చెబుతారు? ఒక్కసారి తొట్టిలో తల ముంచి, అక్కడి నుంచి చూడు. నా మాట విను."

"జుట్టంతా తడిసిపోతుంది. నువ్వెళ్ళి నీ బురద చూసుకో" అన్నాడు చెంగయ్య. వచ్చినవాళ్ళు కిసుక్కున నవ్వారు. గులకమ్మ వెళ్ళిపోయింది.

ఆ పూట నుంచే చెంగయ్య ఒక వింత గమనించాడు. ఆరు పిల్లలూ ఎప్పుడూ ముందు అద్దానికే అతుక్కుని ఉండేవి. నోళ్ళు తెరుస్తూ, మూస్తూ, అద్దాన్ని పొడుస్తూ ఉండేవి. అతను ఎటు వెళితే అటు చూసేవి.

"చూశారా! నా మీద ఎంత ప్రేమో! నన్ను చూడకుండా ఒక్క క్షణం ఉండలేవు" అని అందరికీ చెప్పుకున్నాడు. చెబుతుంటే అతని కళ్ళు చెమ్మగిల్లేవి. పొద్దస్తమానం అద్దం ముందే కూర్చుని వాటితో కబుర్లు చెప్పేవాడు. అవి ఇంకా గట్టిగా అద్దాన్ని పొడిచేవి.

రోజూ చీమల గుడ్లు తెచ్చి వేసేవాడు. గుడ్లు తేలుతూ వెనక్కి, బొమ్మ దగ్గరికి పోయేవి. పిల్లలు అటు వెళ్ళేవే కావు. "పొట్టలు నిండుగా ఉన్నాయి కాబోలు" అనుకునేవాడు చెంగయ్య. తినని గుడ్లు అడుగున కుళ్ళి నీళ్ళు మసకబారాయి. ఎర్ర తోకలు తెల్లగా పాలిపోయాయి.

అయిదో రోజు పొద్దున ఒక పిల్ల వెల్లకిలా తేలింది. మర్నాడు ఇంకొకటి పోయింది.

"అందరూ ఎగబడి చూశారు. దిష్టి కొట్టింది!" అని నెత్తి బాదుకున్నాడు. బంగళాలో పడి ఉన్న నల్లగుడ్డ ఒకటి తెచ్చి తొట్టి ముందు వేలాడదీశాడు. అడవి నిమ్మకాయలు తొట్టి చుట్టూ తిప్పి పారేశాడు. నాలుగు దిక్కులకూ దండాలు పెట్టాడు. మూడో పిల్లా పోయింది.

సంగతి తెలిసి గులకమ్మ మళ్ళీ వచ్చింది.

"తమ్ముడూ, ఆ నల్లగుడ్డ ముందు కాదు, వెనక కట్టు. ఆ బొమ్మ మీద కప్పెయ్. ఇంకా మూడున్నాయి, బతుకుతాయి."

"అంత అందమైన బొమ్మకి నల్లగుడ్డ కప్పనా? నీ తొట్టి చూడటానికి ఎవరూ రావడం లేదని నీ కడుపుమంట!" అని కసిరాడు చెంగయ్య.

గులకమ్మ తన బండ దగ్గరికి తిరిగి వెళ్ళింది. ఆమె తొట్టిలో ఆరు పిల్లలు తుంగ వేళ్ళ మధ్య ఆడుకుంటున్నాయి. నల్ల బురద ముందు వాటి తోకలు నిప్పుకణికల్లా ఉన్నాయి. చూసేవాళ్ళు లేరంతే.

మూడు రోజుల్లో చెంగయ్య తొట్టిలో ఒక్క పిల్ల మిగిలింది. అది ముందు అద్దానికి ఆనుకుని కదలకుండా ఉంది. చెంగయ్యకు తిండి సయించలేదు. "కుళ్ళిన గుడ్లయినా తీసేద్దాం" అని తొట్టి మీదికి వంగాడు. చెయ్యి అడుగుదాకా అందలేదు. ఇంకా వంగాడు. కాలు జారి తల నీళ్ళలో మునిగింది.

నీళ్ళలో కళ్ళు తెరిచాడు.

ఎదురుగా కొంగ. అతని ముక్కుకు తగిలేంత దగ్గరగా ఉంది. తామరపూలు కనపడలేదు, నీలం కొలను కనపడలేదు. పొడవాటి ముక్కు, కిందికి చూస్తున్న పచ్చటి కన్ను, అంతే. ఆ కన్ను అతన్నే చూస్తోంది. అంత పెద్ద కొండముచ్చు, కెవ్వున అరిచి వెనక్కి పడ్డాడు.

పిల్లలు ముందు అద్దానికే ఎందుకు అతుక్కునేవో అతనికి అప్పుడు తెలిసింది. ప్రేమా లేదు, పాడూ లేదు. "తలుపు తియ్యి, తలుపు తియ్యి" అని కొట్టుకున్నాయి. తను ఎదురుగా కూర్చుని నవ్వాడు.

రెండు చేతులా బొమ్మను చింపి పోగులు పెట్టాడు. ఆఖరి పిల్లను దోసిట్లోకి తీసుకుని గులకమ్మ బండ దాకా ఏడుస్తూ పరిగెత్తాడు. "అక్కా! అక్కా! దీన్ని నీ తొట్టిలో వెయ్యి!" గులకమ్మ చూసి తల వంచుకుంది. పిల్ల అతని దోసిట్లోనే పోయింది.

నాలుగు రోజులకు వాన పడింది. తేటవాగు గట్ల నిండా పారింది. బురదలోంచి తరగమ్మ పైకొచ్చింది. బక్కచిక్కిపోయింది కానీ బతికే ఉంది. గులకమ్మ తన ఆరు పిల్లల్నీ వాగులో వదిలింది. అవి వెళ్ళి తల్లిని చుట్టుకున్నాయి. తరగమ్మ వాటిని ముట్టి ముట్టి చూసుకుని, తర్వాత ఒడ్డు వైపు తిరిగింది. చెంగయ్య వానలో తడుస్తూ నిలబడి ఉన్నాడు. అతని చేతులు ఖాళీగా ఉన్నాయి.

"నా మిగతా ఆరుగురు ఏరి, చెంగయ్యా?"

"కొంగ తిన్నదమ్మా" అన్నాడు.

"నీ గుహలోకి కొంగ ఎలా వచ్చింది?"

"నేనే తెచ్చి పెట్టాను. బాగుందని."

తరగమ్మ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఉన్న పిల్లల్ని వెంటబెట్టుకుని వాగులోకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదని చెంగయ్య ఆ తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు.

మరుసటి వేసవికి వాగులోని తల్లులందరూ పిల్లల్ని గులకమ్మకే అప్పగించారు. ఆమె బండ కింద చోటు చాలక నిగనిగలాడే పెద్ద తొట్టి కూడా అక్కడికే చేరింది. దాన్ని మోసుకొచ్చింది చెంగయ్యే. వెనక నల్ల బురద మెత్తిందీ అతనే. మెత్తాక తల నీళ్ళలో ముంచి, లోపలి నుంచి చాలాసేపు చూశాడు. అతని చేతికి మాత్రం ఎవరూ ఒక్క పిల్లనూ ఇవ్వలేదు. అతనూ అడగలేదు.

నీతి: ఒకరికి గూడు కట్టేటప్పుడు బయట నిలబడి మురిసిపోకూడదు; అందులో బతకబోయేవాళ్ళ కళ్ళతో చూడాలి.