శుకాచారి శిష్యుల రెక్కలు

అనగా అనగా, మనుషులింకా అడవి దారి తొక్కని రోజుల్లో, ఇప్పవనం అని ఒక అడవి ఉండేది. అడవి అంచున ఒక ఏరు. ఏటికి ఆవలి గట్టున, కొండ మీద, ఒక గొప్ప విద్యాపీఠం. మూలికల చదువు, మబ్బుల చదువు, తగవులు తీర్చే చదువు, ఏది కావాలన్నా ఆ కొండ ఎక్కవలసిందే.

ఆ పీఠానికి పెద్ద మాతంగమ్మ అనే ముసలి ఏనుగు. ఏటా వేసవి చివర ఆమె ఏరు దాటి ఇవతలి గట్టుకు వచ్చేది. అడవి బడిలో చదువు ముగించిన పిల్లలు ఒక్కొక్కరే ఆమె ముందు నిలబడాలి. ఆమె అడిగేవి మూడే ప్రశ్నలు. ఏం నేర్చుకున్నావు? ఏం పాడుచేశావు? ఎందుకు వచ్చావు?

జవాబు నచ్చితే పిల్లను తన వీపు మీద ఎక్కించుకుని ఏరు దాటించేది. నచ్చకపోతే మళ్లీ ఏడాది రమ్మనేది. ప్రశ్నల్లో దాపరికం ఏమీ లేదు, అడవిలో పాలు తాగే పిల్లలకు కూడా అవి తెలుసు. అయినా ఏటి గట్టున నిలబడేసరికి చాలామందికి నాలుక పిడచకట్టుకు పోయేది.

అది చూసి శుకాచారి అనే చిలక పంతులు చింతచెట్టు కింద విడిగా ఒక బడి పెట్టాడు. "మీ పిల్లల్ని నాకు అప్పగించండి. ఏరు దాటించే పూచీ నాది" అన్నాడు. తల్లులకు, తండ్రులకు అంతకన్నా ఏం కావాలి? జామపళ్లు పట్టుకుని వరసకట్టారు.

పంతులు చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెబుతున్నాను. పిల్లలంటే అతనికి ప్రాణం. తన గొంతంటే ఇంకాస్త ఎక్కువ ప్రాణం, అంతే. మూడు ప్రశ్నలకు మూడు జవాబులు తానే చక్కగా కూర్చి, తన తియ్యని గొంతుతో చెప్పాడు. పిల్లలు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా వల్లె వేశారు. ఒక్క అక్షరం పొల్లుపోతే మళ్లీ మొదటికి రావలసిందే.

ఆ పిల్లల్లో సూదమ్మ అని ఒక ముళ్లపంది పిల్ల ఉండేది. ఆ అడవికి ఏటా వేసవిలో విషజ్వరం వచ్చేది. నిరుటి జ్వరంలో సూదమ్మ తమ్ముడు పోయాడు. ఇంట్లో ఇంకో చిన్న చెల్లెలు ఉంది. ఇప్పవనంలో మూలికలు తెలిసిన వైద్యుడు ఒక్కడూ లేడు. ఎలాగైనా ఏరు దాటి మూలికల చదువు చదవాలి, ఇంకో వేసవికి చెల్లెల్ని బలి కానివ్వకూడదు. సూదమ్మకు ఉన్నది ఈ ఒక్క కోరికే. అందుకే అందరికన్నా ముందు బడికి వచ్చి, అందరికన్నా గట్టిగా వల్లె వేసేది. పంతులు ఆమెను చూసి మురిసిపోయేవాడు.

మాతంగమ్మ రావలసిన రోజు వచ్చింది. ఏటి గట్టున అడవి అంతా పోగయింది. శుకాచారి మెడ నిక్కించి మద్దిచెట్టు కొమ్మ మీద కూర్చున్నాడు.

మొదట దుప్పిపిల్ల చుక్కన్న వచ్చాడు.

"ఏం నేర్చుకున్నావు నాయనా?" అంది మాతంగమ్మ.

"రెక్కలు వచ్చిన నాటినుంచి చదువే నా ప్రాణం" అన్నాడు చుక్కన్న. మధ్యలో ఆగి, ఖళ్లుమని గొంతు సవరించుకున్నాడు. "శాస్త్రాలన్నీ నాకు కరతలామలకం."

మాతంగమ్మ చెవులు ఊపడం ఆపేసింది. దుప్పిపిల్ల వీపు వంక ఒకసారి చూసింది. మిగిలిన రెండు ప్రశ్నలు అడిగింది. "ఇంతవరకు నేను పాడుచేసింది లేదు. చంద్రుడికైనా మచ్చ ఉంది గాని నాకు లేదు. మీ పీఠానికి కీర్తి తేవడానికి వచ్చాను" అని గుక్క తిప్పుకోకుండా చెప్పి నిలబడ్డాడు చుక్కన్న. ఒంటినిండా మచ్చలే వాడికి.

తర్వాత తాబేలుపిల్ల కూర్మయ్య నిదానంగా వచ్చాడు. "రెక్కలు వచ్చిన నాటినుంచి" అని మొదలుపెట్టి, సరిగ్గా అక్కడే ఆగి, ఖళ్లుమన్నాడు.

గట్టున గుసగుసలు మొదలయ్యాయి. ఆ దగ్గు ఎక్కడిదో అందరికీ తెలుసు. అది శుకాచారిది. ప్రతి మాట మధ్యలోనూ గొంతు సవరించుకోవడం పంతులు అలవాటు. పిల్లలు జవాబుతో పాటు దాన్నీ వల్లె వేశారు.

ఆ తర్వాత ఎలుగుపిల్ల భల్లన్న వచ్చాడు. కొండంత ఒళ్లు వాడిది. వాడు రెండు చేతులూ చాచి "రెక్కలు వచ్చిన నాటినుంచి" అని ఖళ్లుమనేసరికి వాళ్ల అమ్మ నెత్తి మీద చేయి పెట్టుకుని కూలబడింది. నవ్వేవాళ్లు కూడా నవ్వలేకపోయారు. కడుపున పుట్టిన బిడ్డ నోట్లోంచి ఎవరి మాటో వస్తుంటే ఏ తల్లికైనా గుండె జారిపోదా?

మాతంగమ్మ తొండం ఎత్తింది.

"ఈ జవాబు నాకు నచ్చింది" అంది. "చెప్పినవాడికి చదువు మీద మక్కువ ఉంది, మాట పొందిక ఉంది. వాణ్ని తీసుకుపోతాను. శుకాచారీ, కిందికి దిగి నా వీపు ఎక్కు."

అడవి అడవంతా తలలెత్తి కొమ్మ వంక చూసింది.

శుకాచారి కొమ్మ మీదినుంచి జారబోయి సర్దుకున్నాడు. "నేనా అమ్మా? నేను పంతుల్ని. వచ్చింది పిల్లలు కదా."

"పిల్లలెక్కడ వచ్చారు పంతులూ? ఇందాకటినుంచి చూస్తున్నాను, నాకు కనిపించింది నువ్వొక్కడివే."

పంతులు రెక్కలు ముడుచుకుని కొమ్మకు అతుక్కుపోయాడు.

"ఇంకెవరైనా ఉన్నారా?" అంది మాతంగమ్మ పిల్లల వంక తిరిగి. ఎవరూ కదల్లేదు. అందరి దగ్గరా ఉన్నది ఆ ఒక్క జవాబే. అది కాస్తా అయిపోయింది.

సూదమ్మ దగ్గరా ఇంకేమీ లేదు. కానీ వెనక్కి పోతే ఏడాది పోతుంది, ఏడాది పోతే వేసవి వస్తుంది. ఆమె ముందుకు వచ్చింది.

"ఏం నేర్చుకున్నావు తల్లీ?"

"రెక్కలు..." అంది సూదమ్మ. అక్కడే ఆగిపోయింది. తల దించుకుని మెల్లగా అంది, "మా తమ్ముడికి ఏం పెట్టకూడదో నేర్చుకున్నాను అవ్వా."

"ఏం పాడుచేశావు?"

"మా తమ్ముణ్నే" అంది సూదమ్మ. "సుగంధి వేరు చలవ చేస్తుందని పెద్దవాళ్లు అనుకుంటుంటే విన్నాను. వాడికి జ్వరం వస్తే అదే అనుకుని ఇంకో వేరు తవ్వి తినిపించాను. చేదుగా ఉందక్కా అన్నాడు. మందు చేదుగానే ఉంటుంది, మింగు అన్నాను. మింగాడు. అమ్మ ఇంటికి వచ్చేసరికి వాడు లేడు. జ్వరంతో పోయాడని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను."

సూదమ్మ తల్లి ఆ మాట వినడం అదే మొదటిసారి. ఆమె లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. ఈ కథ చెప్పే నాకే ఇక్కడికి వచ్చేసరికి ఒళ్లు జలదరిస్తుంది, ఆ తల్లి సంగతి ఏం చెప్పను?

"మరి ఎందుకు వచ్చావు?"

"ఆ రెండు వేర్లకూ తేడా తెలుసుకోవడానికి. ఇంట్లో చెల్లెలుంది."

ఆ మాట విన్న శుకాచారి కొమ్మ మీద ఉండలేకపోయాడు. వచ్చి సూదమ్మ ముందు నేల మీద వాలాడు. వేసవి అంతా తన ఎదురుగా కూర్చున్న పిల్ల. ఇంత బరువు మోస్తూ కూర్చుంది.

"ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు తల్లీ?" అన్నాడు.

"మీరు అడగలేదు పంతులుగారూ."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట అంది. పంతులుకు తల కొట్టేసినట్టయింది.

మాతంగమ్మ మోకాళ్ల మీద వంగింది. "ఎక్కు తల్లీ."

"ముళ్లు గుచ్చుకుంటాయి అవ్వా."

"గుచ్చుకోనీ. చేసిన తప్పు ఇంత తిన్నగా చెప్పిన దానివి, మందు నీ చేతుల్లో దారి తప్పదు."

సూదమ్మ తల్లి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఏమంటుందోనని అందరూ భయపడ్డారు. ఆమె కూతుర్ని తన చేతులతో ఎత్తి ఏనుగు వీపు మీద కూర్చోబెట్టింది. అప్పుడు ఏడ్చింది సూదమ్మ, ఏడాదిగా దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది.

వాళ్లు ఏరు దాటి పోయాక గట్టున ఉన్నవాళ్లు పంతుల్ని నానా మాటలూ అన్నారు. అతను తల వంచుకుని అన్నీ పడ్డాడు. మర్నాడు మిగిలిన పిల్లల్ని చెట్టు కింద కూర్చోబెట్టి, చుక్కన్నను దగ్గరికి పిలిచాడు.

"నీకేం వచ్చు నాయనా?"

చుక్కన్న పంతులు ముఖంలోకి చూశాడు, జవాబు అక్కడ దొరుకుతుందేమోనని. పంతులు ముక్కు బిగించుకుని కూర్చున్నాడు. చెప్పేద్దామా అని నాలుక కొట్టుకుపోతోంది. పొద్దెక్కింది.

"నీళ్లు తాగుతున్నా నాకు పులి అడుగు వినిపిస్తుంది" అన్నాడు చివరికి చుక్కన్న. "ఆమధ్య మంద మొత్తాన్ని లేపి పరుగెత్తించాను. అందరూ బతికారు. ఇలాంటివి చెప్పొచ్చా పంతులుగారూ?"

శుకాచారి నిర్ఘాంతపోయాడు. ఇంతటి పిల్లవాణ్ని వేసవి అంతా ఎదురుగా పెట్టుకుని, లేని రెక్కల గురించి చెప్పించాడు తను.

"అదే చెప్పు నాయనా" అన్నాడు. "ఇంకా ఏమున్నాయో చెప్పు, నేను వింటాను."

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, చదువుల గడప ఎక్కే బిడ్డకు మన మాట అరువిస్తే ఆ బిడ్డ గడప బయటే ఉండిపోతుంది. దగ్గర కూర్చోబెట్టుకుని బిడ్డ మాట విన్నవాడే అసలైన గురువు.