నాన్న డొక్కలో రాయి

తెలివిలో మా ఇంటిని మించిన ఇల్లు ఊళ్ళో లేదు. ఈ మాట ఊరివాళ్ళు అనరు, మేమే అనుకుంటాం. అనడానికి ఊరివాళ్ళకి అంత తెలివెక్కడిది?

ఓసారి నాన్నకి కుడి డొక్కలో నొప్పి పట్టుకుంది. అన్నం తింటే చాలు, మెలికలు తిరిగిపోయేవాడు. చూడలేక అమ్మా, కోటిలింగం బాబాయీ, నేనూ పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళాం.

“పిత్తాశయంలో రాయి ఉందేమో. ఆ సంచి మామూలుగా ఎక్స్‌రేలో కనబడదు. ఈ మాత్రలు రాత్రికి మింగితే మందు అందులో చేరి, పొద్దున తెల్లగా కనబడుతుంది,” అన్నారు డాక్టరుగారు.

మా ఇంట్లో ఏదొచ్చినా సమానంగా పంచుకోవడం తాతల నాటి ఆచారం. అంతే, తలా ఒకటి మింగేశాం. పొద్దున ఎక్స్‌రేలో నాన్న ఎముకలు తప్ప ఏమీ పడలేదు.

“మాత్రలేమయ్యాయి?” అని అరిచారు డాక్టరుగారు.

“మా అందరి కడుపుల్లో భద్రంగా ఉన్నాయండీ,” అన్నాడు బాబాయి.

ఆయన తల పట్టుకుని మళ్ళీ మాత్రలిచ్చారు. “అన్నీ ఆయనే మింగాలి. ఈ పూట నూనె చుక్క తగలకూడదు!”

ఇంకేముంది! ఇంటికి రాగానే అమ్మ నాన్న తలని కుంకుడురసంతో తోలు ఊడేలా రుద్దింది. బాబాయి తలుపు బందులకున్న ఆముదం తుడిచేశాడు. తలుపు కిర్రుమంటే నాన్నకి నిద్ర పట్టదని తలుపే పీకేశాడు. నేనేం తక్కువ తిన్నానా? దీపంలో నూనె కాలవలో పారబోశాను.

మర్నాడు ఎక్స్‌రే గదిలో, “అందరూ కదలకండి. ఊపిరి బిగబట్టండి, నేను చెప్పేదాకా వదలొద్దు,” అన్నాడు ఎక్స్‌రే తీసే అతను. గుమ్మంలో మేమూ బిగబట్టాం. తీయడం అయ్యాక, “పెద్దాయనా, ఇక వదలండి,” అన్నాడు. మాకు చెప్పలేదు కదా! అంతే, బాబాయి వంకాయ రంగుకొచ్చి దబ్బున పడ్డాడు. అమ్మా నేనూ పక్కనే పడ్డాం.

మొహాన నీళ్ళు కొట్టి లేపాక, డాక్టరుగారు ఫిల్ము వెలుగుకి పట్టారు. “ఇదిగో రాయి. వెంటనే తీసేయాలి,” అని ఫిల్ము బాబాయి చేతికిచ్చి, ఆపరేషన్ ఏర్పాట్లకి వెళ్ళారు.

ఆపరేషన్ అంటే నాన్నకి ప్రాణభయం. నాకూ ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం బెదరలేదు. నర్సు బల్లమీది కత్తెర అందుకుని, ఫిల్ములో రాయిని చుట్టూ కత్తిరించి తీసేసింది.

నాన్న డొక్క తడుముకుని, “చురుక్కు కూడా అనలేదే!” అన్నాడు ఆశ్చర్యంగా.

డాక్టరుగారు వచ్చేసరికి అమ్మ చిల్లుపడ్డ ఫిల్ము ఆయన ముందు పెట్టింది.

“రాయి మేమే తీసేశామండీ. కుట్లు మాత్రం మీరు వెయ్యండి!”