బతికున్నవాళ్ల దినం

తంగేడుకోనలో అందరూ ముసలివాళ్లయిపోవడానికి కారణం పెద్దపులి. దానికి పళ్లు ఊడిపోయి ఎనిమిదేళ్లయింది. అప్పట్నుంచి మెత్తటి సీతాఫలాలు తిని గుహలో పడుకుంటోంది. పులి వేటాడకపోతే ఎవరు మాత్రం ఎందుకు చస్తారు? జింకలకు చూపు మందగించింది, కుందేళ్లకు మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి, అడవిపందికి చెవుడొచ్చింది. చావు మాత్రం ఎవరికీ రాలేదు. పిల్లలు పుట్టడమా, ఏడాదికి ఒకటో రెండో.

అయినా ఇన్నాళ్లూ ఇబ్బంది లేకుండా గడిచింది. వయసులో ఉన్నప్పుడు వీళ్లంతా కలిసి కొండ మీది ఊట నుంచి కాలువ తవ్వారు. ఆ కాలువ కిందే కోనకు కావలసిన పచ్చగడ్డి పెరుగుతుంది. తవ్విన ప్రతివాళ్లకూ ముసలితనంలో రోజుకో మోపు లేతగడ్డి ఇస్తానని పులి అప్పుడే మాటిచ్చింది. ఎవరెవరు తవ్వుతున్నారో తెలియాలి కాబట్టి, పని మొదలైన రోజునే గడ్డికొట్టు మట్టిగోడ తడిగా ఉండగానే అందరిచేతా గిట్టలూ పంజాలూ ఒత్తించింది.

కొట్టు పెత్తనం నక్క జంబులయ్య చేతికి వచ్చాకే తిప్పలు మొదలయ్యాయి.

"దొరా, గడ్డి కోసేవాళ్లు నలుగురు, తినేవాళ్లు నలభై మంది. ఇట్లాగైతే కోన ఎన్నాళ్లు నడుస్తుంది? నాకు అప్పగించండి, ఒక పద్ధతిలో పెడతాను," అన్నాడు పులితో.

"ఏం పద్ధతి?" అంది పులి ఆవులిస్తూ.

"గోడ మీది గుర్తుతో గిట్ట సరిపోతేనే మోపు. మూడుసార్లు సరిపోలేదంటే ఆ మనిషి చచ్చినట్టు లెక్క. చచ్చినవాళ్ల వాటా కొట్టు చూసేవాడికి."

"చచ్చినవాళ్ల సంగతి ఆనవాయితీ ఎట్లా ఉంటే అట్లా కానివ్వు," అని పులి అటు తిరిగి పడుకుంది. జంబులయ్యకు 'కానివ్వు' ఒక్కటే వినిపించింది.

మర్నాడే కొట్టు కిటికీలో ఒక చిలకను కూర్చోబెట్టాడు. తను వెనకాల చేరి, మిగిలిన మోపులు కొండ దిగువ గేదెలకు వేసి, గడ్డ పెరుగు తెచ్చుకుని తినసాగాడు. నెల తిరిగేసరికి మొహం నిగనిగలాడింది.

మైలయ్య అనే ముసలి ఎద్దుకు కర్రెన్న అని జోడెద్దు ఉండేవాడు. ఇద్దరూ పదిహేనేళ్లు ఒకే కాడి మోశారు. ఈ ఎండాకాలం కర్రెన్నకు వెనకకాళ్లు పడిపోయాయి, కానుగచెట్టు కింద నుంచి లేవలేడు. ఇద్దరి నోట్లో కలిపి మిగిలినవి ఆరు పళ్లు. కొండ మీది గరుకు గడ్డి నమలలేరు, కొట్టు ఇచ్చే లేతగడ్డి తప్ప వేరే ఆధారం లేదు. అప్పటికే రెండుసార్లు గుర్తు సరిపోలేదని తిప్పి పంపినా, ఆ ఉదయం మైలయ్య మళ్లీ కుంటుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"మీ అరుపు మాకు ఎంతో విలువైనది," అంది చిలక. "లేతగడ్డి కావాలంటే ఒకసారి అరవండి. ఎండుగడ్డి కావాలంటే రెండుసార్లు. ఫిర్యాదు చెయ్యాలంటే తొమ్మిదిసార్లు అరిచి కదలకుండా నిలబడండి."

మైలయ్య ఒకసారి రంకె వేశాడు. వేశాక దగ్గొచ్చింది.

"మీరు ఒకటిన్నర సార్లు అరిచారు. అలాంటి సదుపాయం లేదు. మళ్లీ మొదటి నుంచి చెబుతాను."

నాలుగోసారికి దగ్గు రాకుండా ఊపిరి బిగబట్టి అరిచాడు. చిలక గిట్ట ఒత్తమంది. కింది మెత్తటి మట్టి మీద ఒత్తాడు. చిలక గోడ వైపు చూసింది, మట్టి వైపు చూసింది.

"క్షమించండి. ఈ గిట్ట మీది కాదు."

"నాది కాకపోతే ఎవరిదే? దాని మీద నిలబడే కదా వచ్చాను."

"గోడ మీది గిట్టకు నాడా ఉంది. అంచులు పదునుగా ఉన్నాయి. దీనికి లేవు."

"అప్పుడు నాకు నాలుగేళ్లు. కాలువ తవ్వి తవ్వి అరిగిపోయింది. మీ జంబులయ్యను పిలువు."

ఫిర్యాదు పేరెత్తకుండానే జంబులయ్య బయటికి వచ్చాడు, మూతికి పెరుగు అంటుకుని ఉంది. "కోపం వద్దు మైలయ్యా. నీ బాధ నాకు పూర్తిగా అర్థమైంది."

"అర్థమైతే మోపు ఇయ్యి."

"అర్థం చేసుకోవడం వరకే నా పని. ఇవ్వడం పద్ధతి చేతిలో ఉంది. ఇది మూడోసారి కదా, ఇవాళ్టితో నువ్వు పోయినట్టు. కర్రెన్న ఎటూ రావడం లేదు కాబట్టి ఆయన మొన్ననే పోయాడు."

"కర్రెన్న పోలేదయ్యా. ఆకలితో పడి ఉన్నాడు."

"వచ్చి చెప్పమను," అని జంబులయ్య లోపలికి వెళ్లిపోయాడు.

మైలయ్యకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పదిహేనేళ్లు పక్కన నడిచినవాడి దగ్గరికి ఖాళీ మూతితో పోవడం అతని వల్ల కాలేదు. దారిలోనే కూలబడ్డాడు. అక్కడ మేక సుంకులమ్మ కనిపించింది. కోనలో ఆమె నోటికి జడవనివాళ్లు లేరు.

"ఏం మైలన్నా, నిన్ను ఎప్పుడు చంపారు?"

"ఇప్పుడే."

"నన్ను బుధవారం చంపారులే. పైగా నాకు వయసు చాలదంట. ఈ గడ్డం చూసి కూడా ఆ మాటన్నాడు."

"నా సంగతి వదిలెయ్యి అక్కా. కర్రెన్న ఇంకో నాలుగు రోజులు కూడా ఆగలేడు."

సుంకులమ్మ కాసేపు నెమరు వేసింది. "మన కోనలో చివరిసారి దినం ఎప్పుడు తిన్నావు?"

"అబ్బో, దుప్పి ఈరన్న పోయినప్పుడు. పదకొండో రోజు వాళ్ల అన్న పెట్టాడు."

"అన్నే ఎందుకు పెట్టాడు?"

"వాటా ఆయన తీసుకున్నాడు కదా. చచ్చినవాడి వాటా ఎవరు తీసుకుంటే వాళ్లే కోనంతటినీ పిలిచి కడుపునిండా..." మైలయ్య ఆగిపోయాడు.

"అదీ. ఎనిమిదేళ్లుగా ఎవరూ చావలేదు, జంబులయ్యకు ఆ సంగతి గుర్తు లేదు. బతికున్నామని వాడిని ఒప్పించడం మన వల్ల కాదన్నా. చచ్చామని ఒప్పుకుందాం. ఈ పదకొండు రోజులూ కర్రెన్నకూ నీకూ చెట్టెక్కి మేడి చిగుళ్లు నేను కోసిస్తాను."

ఆ సాయంత్రం నుంచి కోనలోని మిగిలిన ముసలివాళ్లంతా గిట్టలకు బురద పూసుకుని వరసగా కొట్టుకు వెళ్లడం మొదలుపెట్టారు. ఒక్కరి గుర్తూ సరిపోలేదు. జంబులయ్య సంబరానికి అంతు లేదు. మూడు రోజుల్లో వాళ్లనూ చంపేసి నలభై పూర్తి చేశాడు. పళ్లున్న రోజుల్లో పులి కూడా ఇంత పని చెయ్యలేదు.

పదకొండో రోజు పొద్దున జంబులయ్య కొట్టు తలుపు తీసేసరికి కోన కోనంతా బంతులు తీర్చి కూర్చుని ఉంది. ముందు బంతిలో పెద్దపులి. పక్కన సీతాఫలాల బుట్టతో సుంకులమ్మ.

"ఏమిటిది?" అన్నాడు జంబులయ్య.

"దినానికి వచ్చాం," అంది సుంకులమ్మ.

"ఎవరి దినం?"

"మాదే."

"నీ దినానికి నువ్వే వస్తావా?"

"నేను రాకపోతే ఎవరు వస్తారయ్యా, అందరినీ చంపేశావు కదా."

చెవిటి అడవిపంది ఆకు ముందుకు జరుపుకుని, "మొదలుపెట్టారా?" అని అరిచింది.

పులి గొంతు సవరించుకుంది. పళ్లు పోయినా ఆ గొంతు పోలేదు. "జంబులయ్యా, ఎంతమంది పోయారు?"

"నలభై మంది దొరా. అంటే, పద్ధతి ప్రకారం."

"వాళ్ల వాటాలు ఎవరు తీసుకున్నారు?"

జంబులయ్య మూతి తుడుచుకున్నాడు. "నేనే."

"అయితే ఒక్కో చావుకు ఒక్కో దినం. నలభై దినాలు పెట్టాలి, ప్రతిసారీ కోనంతటికీ. ఆనవాయితీ ఎట్లా ఉంటే అట్లా చెయ్యమని ఆ రోజే చెప్పాను."

నలభై దినాలంటే కొట్టులో గడ్డిపోచ కూడా మిగలదు. జంబులయ్య పరుగున పోయి మైలయ్య పక్కన నిలబడ్డాడు. "ఎవరూ చావలేదు దొరా, అందరూ బతికే ఉన్నారు. మైలయ్యను చూడండి, ఎట్లా మెరిసిపోతున్నాడో."

"బతికే ఉంటే ఇన్నాళ్లూ వీళ్ల మోపులేవి?"

జంబులయ్య తన ఊపిరి పులికి తగలకుండా రెండడుగులు వెనక్కి జరిగాడు. పెరుగు సంగతి చెప్పలేడు.

"సరే," అంది పులి. "నిన్నటి దాకా చచ్చారు కాబట్టి ఇవాళ నీ చేత్తో దినం పెట్టు. ఇవాళ్టి నుంచి బతికారు కాబట్టి రేపటి నుంచి మోపులు. కొట్టు మాత్రం సుంకులమ్మ చూస్తుంది."

జంబులయ్య సాయంత్రం దాకా వంగి వంగి వడ్డించాడు. అందరికంటే ముందు ఒక మోపు మూతిన కరుచుకుని మైలయ్య కానుగచెట్టు దగ్గరికి పోయాడు. కర్రెన్న పడుకునే మెల్లగా నమిలాడు, కళ్లు తెరిచాడు.

"బాగుందిరా మైలా. ఎవరి దినం?"

"నీదే."

"ఓహో. ఇంత లేతగడ్డి పెడతారని తెలిస్తే ముందే పోయేవాణ్ణి," అని ఇంకో పట్టు అందుకున్నాడు.

మర్నాడు జంబులయ్య కిటికీ దగ్గరికి వచ్చాడు. పని పోయింది, పెరుగుకు మారకం వెయ్యడానికి మోపు లేదు. కాలువ తవ్వినవాళ్లలో తనూ ఒకడు. వయసూ అయింది, ఇన్నాళ్లూ చూసుకోలేదు అంతే. పంజా మట్టి మీద ఒత్తాడు.

చిలక గోడ వైపు చూసింది. "క్షమించండి. ఈ పంజా మీది కాదు."

"నిన్ను పెట్టింది నేనే కదే."

"మీ అరుపు మాకు ఎంతో విలువైనది."

లోపల నుంచి సుంకులమ్మ వచ్చి చిలకను పక్కకు జరిపింది. "గోడతో పనేముంది, మొహం చూస్తే తెలియదూ? మన జంబులయ్యే. నీ మోపు నీకు ఉంది, వరసలో నిలబడు. నీ ముందు ముప్పైతొమ్మిది మందే ఉన్నారు."

ముందున్న ముప్పైతొమ్మిది మందీ నిదానంగా, యోగక్షేమాలు అడుగుతూ కదిలారు. జంబులయ్య వంతు వచ్చేసరికి పొద్దు గూకింది.

ముసలివాళ్లను లెక్కలోంచి కొట్టేసేవాడు ముందు తన వయసు ఎంతో చూసుకోవాలి.