ఒకే పనసచెట్టు, రెండు తలుపులు

ఆ తలుపుని గోటితో గీరకే గీర్వాణీ. గీరింది చాలు, ఇటొచ్చి పడుకో. వానకి బిర్రుగా పట్టేసిందని సాయంత్రం దాన్ని కాలితో తన్నావట, మీ అమ్మ చెప్పింది. తన్నితే వస్తుందా? కాస్త పైకెత్తి లాగాలి. పేరు చూస్తే సరస్వతీదేవి పేరు, చేసేవి రౌడీ పనులు! కథ కావాలా? చెప్తాను గానీ ఊఁ కొట్టాలి మరి. ఊఁ కొట్టకపోతే అక్కడికక్కడే ఆపేస్తా.

అనగనగా ఒక ఊళ్ళో ఒక తలుపు ఉండేది. రాజేడీ అంటావా? ఈ కథలో రాజూ లేడు, రాజుగారి గుర్రమూ లేదు. ఉన్నదల్లా ఒక వడ్రంగి, ఆయన కూతురు, రెండు తలుపులు. నచ్చకపోతే చెప్పు, దీపం తీసేస్తా.

ఆ ఊరి పేరు ఏటివంపు. గోదావరి పాయ ఒకటి ఊరి చుట్టూ తిరిగి పోయేది. వెనకటికి అక్కడ ఇళ్ళకి తలుపులే ఉండేవి కావట. గుమ్మానికి తాటాకు తడిక అడ్డం పెట్టుకునేవాళ్ళు. కుక్క తోసినా పడిపోయేది, గాలొస్తే ఎగిరిపోయేది. అప్పుడు కనకాచారిగారి తాత ఊళ్ళో మొదటి చెక్క తలుపు బిగించాడు. ఆ తర్వాత కనకాచారిగారి నాన్న చెక్క ఊచలతో కిటికీలు పెట్టాడు. ఆ తర్వాత కనకాచారిగారు వచ్చారు. మన కథలో వడ్రంగి ఆయనే.

ఆయన తలుపుకి ఇనప మేకు కొట్టేవాడు కాదు, అన్నీ చెక్క మేకులే. ఆయన తలుపు మీద రోహిణి ఎండలో చెయ్యి పెట్టినా కాలేది కాదు. తలుపులు దగ్గరికేస్తే బయట తిరనాళ్ళ జరుగుతున్నా లోపల పసిపిల్ల నిద్ర లేచేది కాదు. ఎక్కడైనా పుచ్చిందనుకో, పుచ్చినంత మేరా కోసి కొత్త ముక్క అతికేవాడు. తలుపు మొత్తం పీకి పారెయ్యడం అనే మాట ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు.

ఎలా చేసేవాడో తెలుసా? ముందు దుంగని ఒక ఏడాది కాలవలో నానేసేవాడు, పురుగు పట్టకుండా. ఆ తర్వాత ఇంకో ఏడాది నీడన ఆరబెట్టేవాడు. ఆ తర్వాతే రంపం పెట్టేవాడు. తొందరపడి ఎవరైనా వస్తే, "పచ్చికర్రతో తలుపు చేశానంటే మా తాత పైనుంచి దిగొచ్చి నా చెవి మెలిపెడతాడు బాబూ" అని నవ్వేవాడు. ఆయన పచ్చికర్ర ముట్టడని చుట్టుపక్కల ఏడూళ్ళకి తెలుసు.

ఒకసారి పెద్ద గాలివాన వచ్చింది. ఆయన పెరట్లో పనసచెట్టు కూలిపోయింది. ఆ చెట్టు కింద ఆడుకునే ఆయన కూతురు పెరిగింది. కూతురు పేరేంటి అంటావా? పేరెందుకులే, కూతురు అనుకో చాలు. అప్పటికి దానికి పెళ్ళయి, అదే ఊళ్ళో రెండు వీధుల అవతల కాపురానికి వచ్చింది. కనకాచారిగారు ఆ దుంగని నానబెట్టి, ఆరబెట్టి, రెండు జతల తలుపులు చేశాడు. ఒక జత తన ఇంటికి, ఒక జత కూతురి ఇంటికి. ఒక్కో జతకి రెండేసి రెక్కలు. కొత్తలో పసుపు ముద్దలా ఉండేవి. పనసకర్ర కోసినప్పుడు పచ్చగా ఉంటుంది, పాతబడే కొద్దీ ఎరుపు తిరుగుతుంది. ఇది గుర్తుపెట్టుకో, కథలో పనికొస్తుంది.

తలుపు బిగించి గడపకి పసుపు రాశాక కూతుర్ని పిలిచి ఆయన ఒక మాట చెప్పాడు.

"అమ్మా, ఇది ఏటి పక్క ఊరు. మూడు వానాకాలాలు ఈ తలుపు నిన్ను ఏడిపిస్తుంది. ఉబ్బుతుంది, బిగుస్తుంది. ఆ తర్వాత ఇంటికి అలవాటు పడుతుంది, వానకి కాస్త బిగిసినా పైకెత్తి లాగితే వస్తుంది. ఏం చేసినా చెయ్యి గానీ, వానల్లో మాత్రం చిత్రిక పట్టకు. ఉబ్బింది ఎండకి తగ్గుతుంది. చెక్కేసింది మళ్ళీ రాదు."

చిత్రిక అంటే చెక్కని పల్చగా గీసి నునుపు చేసే పనిముట్టు. పొరలు పొరలుగా రింగులు తిరిగి రాలతాయి. ఆ కూతురు చిన్నప్పుడు వాటిని చెవులకి పెట్టుకుని లోలాకులు అనుకునేది.

మొదటి వానాకాలం వచ్చింది. తలుపు పట్టేసింది. కూతురు నవ్వుకుని భుజంతో తోసింది. రెండో వానాకాలం వచ్చింది. తలుపు మళ్ళీ పట్టేసింది. కూతురు విసుక్కుని అంచుకి సబ్బు రుద్దింది. మూడో వానాకాలంలో శ్రావణ శుక్రవారం నాడు పేరంటాళ్ళు వచ్చారు. తలుపు రాలేదు. ఆడవాళ్ళందరూ పట్టుచీరలతో చూరు కింద తడుస్తూ నిలబడ్డారు. కూతురు లోపల్నుంచి లాగుతోంది, అత్తగారు వెనక నుంచి గొణుగుతోంది. "వడ్రంగి కూతురింటికి వచ్చేటప్పుడు గునపం తెచ్చుకోవాలే!" అని బయట ఎవరో అన్నారు. అందరూ పకపకా నవ్వారు.

దానికి తల కొట్టేసినట్టయింది. రోషం ముక్కు మీదే ఉండేది దానికి. నీలాగే.

మర్నాడు కనకాచారిగారు పొరుగూరు పనికి వెళ్ళాడు. అప్పుడు కూతురు పుట్టింటికి పోయి ఆయన పాత చిత్రిక కొంగు చాటున తెచ్చింది. రెక్కలు రెండూ కలిసే చోట అంచు మీద పెట్టి బర్రుబర్రున లాగేసింది. తలుపు హాయిగా మూసుకుంది. చెక్కిన చోట మాత్రం పచ్చగా బయటపడింది. తెలిసిపోతుందని ఎర్రజాజు నూనెలో కలిపి పూసేసింది. శ్రావణం పోతే భాద్రపదం, ఆ తర్వాత వానలు వెనకబడతాయి. ఇంకొక్క రెండు నెలలు ఓపిక పట్టుంటే అయిపోయేది తల్లీ.

ఆ తర్వాత ఎండాకాలం వచ్చింది. ఉబ్బిన కర్ర తగ్గింది. రెండు రెక్కల మధ్యా వేలు పట్టే సందు పడింది. సందులోంచి వడగాలి, దుమ్ము, ఎదురింటి వాళ్ళ చూపులు, అన్నీ లోపలికే. అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది.

"ఏవిటే ఇది? మీ నాన్న పనితనం ఇదేనా?"

అప్పుడు కూతురు నోరు తెరిచి నిజం చెప్పొచ్చు. ఏమందో తెలుసా? "కర్ర పచ్చిదేమో అత్తయ్యా" అంది.

అంతే, ఒక్క మాట. నూతి దగ్గర చెప్పుకున్నారు, రేవులో చెప్పుకున్నారు. కన్నకూతురికే పచ్చికర్ర అంటగట్టాడట, మనకింకేం చేస్తాడు అనుకున్నారు.

అప్పుడే ఊళ్ళో కొత్త బడి కడుతున్నారు. ఒక పెద్ద తలుపు, పన్నెండు కిటికీలు. ఆ పని కనకాచారిగారికే అని ముందే అనుకున్నారు. పిల్లలు చదువుకునే చోటికి తన తలుపులు పెడుతున్నానని ఆయన పొంగిపోయాడు. దానికోసమని ఏడాది ముందే దుంగలు కాలవలో వేసి ఉంచాడు. పచ్చికర్ర మాట విని మునసబుగారు కూతురి ఇంటికి వచ్చాడు. వీధిలో నిలబడి, "అమ్మాయ్, మీ నాన్న కర్ర పచ్చిదేనా? నువ్వు చెప్పు, నీ మాటే నమ్ముతాను" అన్నాడు. వెనకాల అత్తగారు వింటోంది. కూతురు తల దించుకుని కాలి బొటనవేలితో నేల మీద గీసింది. మునసబుగారు అదే అవుననుకుని వెళ్ళిపోయాడు.

బడికి ఇనప తలుపు, ఇనప కిటికీలు పెట్టించారు. ఎండాకాలం రెక్క ముట్టుకుంటే పిల్లల వేళ్ళు చుర్రుమనేవి. కనకాచారిగారి దుంగలు కాలవలోనే ఉండిపోయాయి. వాటి మీద పాచి పట్టింది. చాకలివాళ్ళు వాటి మీద బట్టలు ఉతుక్కునేవాళ్ళు.

ఆ తర్వాత ఒక రోజు ఆయనే పనిముట్ల సంచి భుజాన వేసుకుని కూతురింటికి వచ్చాడు. తలుపు ముందు కూచున్నాడు. అంచు మీద గోటితో ఇంత గీరాడు. జాజు లేచి లోపల పచ్చగా కనపడింది. పనస ఆ వయసులో ఎర్రగా ఉండాలి కదా, పచ్చగా ఎందుకుంది? ఆయనకి తెలిసిపోయింది. తలెత్తి కూతురి వంక ఒక్కసారి చూశాడు. అప్పుడు అత్తగారు బయటికొచ్చి, "ఏమంటారు అన్నయ్యగారూ?" అంది.

ఆయన గీరిన చోట బొటనవేలితో జాజు మళ్ళీ సర్దేశాడు. "నాదే పొరపాటు చెల్లెమ్మా. కర్ర ఇంకా ఆరాల్సింది" అన్నాడు.

కూతురు అక్కడే నిలబడి ఉంది. నాన్నా, నేనే చెక్కాను అంటే పోయేది. అనలేదు. మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన తాగాడు.

మర్నాడు ఆయన సన్నటి బద్ద ఒకటి తెచ్చి ఆ అంచుకి అతికాడు, చెక్క మేకులతో. సందు మూసుకుపోయింది. వేలితో తడిమితే తప్ప అతుకు తెలియదు.

ఆ తర్వాత వానాకాలం వచ్చింది. తలుపు కాస్త బిగిసింది, అంతే. అంతవరకూ ముఖం చెల్లక కూతురు పుట్టింటి వైపు పోనేలేదు. శ్రావణమాసం వాయనం ఇవ్వడానికి వెళ్ళక తప్పలేదు. వెళ్ళి చూస్తే నాన్న ఇంటి తలుపు రెక్కల మధ్య వేలు పట్టే సందు. ఆ సందులో గోనెపట్టా కుక్కి ఉంది. వాన జల్లు లోపలికి కొట్టి నేలంతా తడిసింది. ఆయన ఒక మూలకి జరిగి పప్పుగుత్తి చెక్కుకుంటున్నాడు. తలుపులు చెయ్యమని ఎవరూ రావడం లేదుగా మరి. ఆయన ఇంటి తలుపే మూసుకోవడం లేదని ఊరంతా చూస్తోందిగా.

"నాన్నా, నీ తలుపు కోసి నాకు పెట్టావా?" అంది.

"ఒకే చెట్టు కదమ్మా. వేరే కర్ర పెడితే వానొచ్చినప్పుడల్లా రెండూ పోట్లాడుకుంటాయి. ఇవైతే కలిసే ఉబ్బుతాయి, కలిసే తగ్గుతాయి" అన్నాడాయన. "నీ తలుపు మూసుకుంటోందా?" అని అడిగాడు.

"మూసుకుంటోంది నాన్నా" అంది. అంతకంటే ఒక్క మాట రాలేదు దాని నోటి నుంచి. నోరు పడిపోయిందా ఏం? పడిపోలేదు. చెప్తే అత్తగారేమంటుందో, ఊరేమంటుందో అని భయం. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ పోయింది. ఆయన మాత్రం బతికినన్నాళ్ళూ పప్పుగుత్తులూ కవ్వాలూ పీటలూ చేసుకుంటూ బతికాడు. ఏడూళ్ళకి తలుపులు చేసిన చేతులే అవి. ఆయన పోయిన నాడు కూడా ఎవరో అన్నారు, మంచివాడే గానీ చివర్లో పచ్చికర్ర వాడాడని. కూతురు విని ఏడ్చింది. ఏడ్చింది గానీ చెప్పలేదు.

ఏంటే అలా చూస్తావ్? కళ్ళు మూసుకో.

ఊఁ. నేనేలే. ఆ గొప్ప కూతురు నేనే. నువ్వు ఇందాక గోటితో గీరిన ఆ గీత ఉంది చూశావూ, అదే మా నాన్న అతికిన బద్ద. అరవై ఏళ్ళు దాటింది. ఒక్క మేకు ఊడలేదు.

రేపు పొద్దున్న ప్లాస్టిక్ తలుపుల వాళ్ళొస్తున్నారని తెలుసు కదా. మొన్న మీ అమ్మ నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఇది తాతయ్య పచ్చికర్రతో చేసిందట కదా, అందుకే పట్టేస్తోంది, తీయించేద్దాం" అంది. దానికా మాట ఎవరు చెప్పారంటావ్? మా అత్తగారు చెప్పింది. మా అత్తగారికి ఎవరు చెప్పారు? నేను. మొన్న కూడా మీ అమ్మ ముందు తలూపి ఊరుకున్నాను. ముసలిదాన్నయ్యాను, సిగ్గు మాత్రం చావలేదు. ఇన్నేళ్ళకి నీ ఒక్కదానికే చెప్పాను, అదీ కథ వంకతో.

ఏయ్, ఎక్కడికే లేస్తున్నావ్? వంటింట్లోకా? ఆగవే! అరవకే, అమ్మా ఇది పచ్చికర్ర కాదంట అని అరవకే...

సరే, అరిచెయ్. వీధిలోకి వినపడేలా అరిచి చెప్పు. మా నాన్నకి వినపడేలా అరిచి చెప్పు.

కథ పోయెను కంచికి,
బద్ద చేరెను అంచుకి,
దాచిన మాట నోటికి,
తలుపు మిగిలెను గుమ్మానికి,
మనమందరం ఇంటికి.