చౌడక్క పన్ను

అనగనగా అని అందరూ మొదలుపెడతారు. నేనూ అక్కడే మొదలుపెడతాను, కానీ సరిగా చెప్తాను. అనగనగా, కోడి కూతకంటే ముందు మగ్గం చప్పుడుకు తెల్లవారే కాలంలో, చిలపలదిన్నె అని ఒక ఊరు. ఊరు ఊరంతా నేతగాళ్ళే. ఈ కథ మా అవ్వ నాకు చెప్పింది. ఆమెకు వాళ్ళ అవ్వ చెప్పింది. నేను ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీసెయ్యలేదు. ఒక్క పేరు మాత్రం తీసేశాను. ఎందుకో చివర తెలుస్తుంది.

ఆ ఊళ్ళో మగ్గాలు షావుకారువి. నూలు షావుకారుది. నేసిన చీర షావుకారుది. నేతగాళ్ళవి చేతులు, కాళ్ళు, నోరు.

నేతకు నోరెందుకంటారా? తెలియకపోతే వినండి, నవ్వొద్దు. దారం చుట్టిన కండెను నాడెలో, అంటే పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తే కొయ్య డొప్పలో పెడతారు. ఆ నాడెకు పక్కన చిన్న కన్ను, అంటే బెజ్జం. దారం కొసను లోపల కంటికి ఆనించి, బయట నోరు పెట్టి సర్రున పీల్చాలి. అప్పుడు దారం బయటికి వస్తుంది. కండె అయిపోయిన ప్రతిసారీ పీల్చాలి. దారంతోపాటు నూలు దుమ్ము వస్తుంది, రంగు వస్తుంది, పులిసిన గంజి వస్తుంది. పిల్లప్పుడు పళ్ళు పచ్చబడతాయి. పడుచుప్పుడు కదులుతాయి. నడివయసుకు రాలతాయి. చిలపలదిన్నెలో ముసలివాళ్ళు ముసలివాళ్ళు కాకముందే బోసివాళ్ళు అయ్యేవాళ్ళు.

ఇప్పుడు షావుకారు సంగతి. నేసిన ప్రతి చీరకూ జానెడు గుడ్డ నేతగాళ్ళు అదనంగా నేసి కొట్టు తట్టలో వెయ్యాలి. దాని పేరు పన్ను గుడ్డ. ఆ ఆచారం పెట్టిన రోజు షావుకారు మా నేతగాళ్ళ ఇలవేల్పు చౌడమ్మ తల్లి జ్యోతి ముట్టి, ఊరందరి ముందర ఒట్టు వేశాడు.

"ఇది నా కోసం కాదు, మీ కోసమే. మీ పన్ను కాపాడే పూచీ నాది. మీకు ఒళ్ళు చెడితే ఈ గుడ్డ అమ్మి వైద్యుణ్ణి తెప్పిస్తా."

ఇక్కడ ఒక మాట. మన భాషలో నోట్లో ఉండేదీ పన్నే, వసూలు చేసేదీ పన్నే. రెండూ పీకేటప్పుడు నొప్పే. ఊళ్ళో అందరికీ షావుకారు ఏ పన్ను గురించి చెప్పాడో తెలిసింది. ఒక్క మనిషికి తెలియలేదు.

ఆ మనిషే చౌడక్క. మొగుడు పోయాక అతను నేసిన మగ్గం మీదే కూర్చుని నేసుకుంటూ బతికేది. నలుగురిలో నోరెత్తేది కాదు. కానీ పన్ను గుడ్డ ఇవ్వడంలో ఆమె తర్వాతే ఎవరైనా. అందరూ జానెడంటే జానెడే ఇచ్చేవాళ్ళు, కొందరు పిల్లల జాన కొలిచి ఇచ్చేవాళ్ళు. చౌడక్క మాత్రం జానెడు పైన బెత్తెడు వేసి ఇచ్చేది. "ఎందుకే అంత?" అంటే నవ్వేది, చెప్పేది కాదు.

ఒకనాడు చౌడక్కకు పై దవడ వాచింది. బుగ్గ కొబ్బరికాయంత అయింది. నాడెకు నోరు పెడితే ప్రాణం పోయినంత పని. పీల్చలేదు. పీల్చకపోతే దారం రాదు. దారం రాకపోతే చీర సాగదు. చీర మగ్గం మీద సగంలో నిలబడిపోయింది. మగ్గం మూగదైతే షావుకారు ఊడదీసి వేరేవాళ్ళకు ఇస్తాడు. మగ్గం పోతే చౌడక్కకు ఇంకేముంది? కొంగు పట్టి ఇల్లిల్లూ తిరగడమే.

వాచిన బుగ్గకు గుడ్డ కట్టుకుని కొట్టుకు పోయింది. అక్కడ గుమాస్తా తట్ట ముందర కూర్చున్నాడు.

"ఏం చౌడక్కా, ఏం పని?"

"పన్ను నాయనా."

"పన్నా? తెచ్చినావా?"

"తేలేదు నాయనా. నోట్లోనే ఉంది."

"నోట్లో మాటలు నాకొద్దు. తెచ్చి తట్టలో వెయ్యి. పన్ను తేనిది కొట్టుకు రావద్దు."

చౌడక్క తిరిగి వచ్చింది. వాపు దిగలేదు.

రెండోసారి పోయింది. ఈసారి షావుకారే ఉన్నాడు. కట్టు విప్పి, నోరు తెరిచి, వేలితో చూపించింది. చూపిస్తే అర్థం కానిదేముంది? షావుకారుకు అర్థమైంది.

"జ్వరం వస్తే వైద్యుణ్ణి తెప్పించినానా లేదా?" అన్నాడు.

తలూపింది.

"కాలు విరిగితే కట్టు కట్టించినానా లేదా?"

తలూపింది.

"అవి రోగాలు. పన్ను పోతే ఎవరూ చావరు. అంబలి తాగు, పో."

గుమాస్తా పక్కనుంచి అందుకున్నాడు. "అయినా ఈ వయసులో నీకు పళ్ళెందుకక్కా? పెళ్ళిచూపులకు వస్తున్నారా?"

కొట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. నేతగాళ్ళూ నవ్వారు. అవును, మావాళ్ళే. దాచను. చౌడక్క తిరిగి వచ్చింది. వాపు దిగలేదు.

అంతలో దండోరా వేశారు. "అమావాస్య నాటికి ఇంటింటివాళ్ళూ పన్ను తెచ్చి తట్టలో వెయ్యాలహో! వెయ్యని ఇంటి మగ్గం ఊడదీస్తారహో!"

చౌడక్క గుమ్మంలో నిలబడి విన్నది. విని, నుదురు కొట్టుకున్నది. "అయ్యో నా బుద్ధి! ఆ పొద్దు గుమాస్తా నాయన ఇదే కదా అడిగినాడు. తెచ్చినావా అన్నాడు. నేను నోట్లో పెట్టుకుని పోతిని. తీసి చేతిలో పెడితే కదా వాళ్ళకు తెలిసేది!"

లోపలికి పోయింది. పడుగు దారం మూడు పేటలు పేనింది. ఒక కొస పంటికి కట్టింది. ఒక కొస మగ్గం కింద తొక్కుడు చెక్కకు కట్టింది. చౌడమ్మ తల్లిని తలుచుకుని, ఎప్పుడూ నేతకు తొక్కే కాలితో ఒక్క తొక్కు తొక్కింది. మగ్గం ఇన్నాళ్ళూ చెడగొట్టిన పన్నును ఆ పొద్దు మగ్గమే పీకింది.

అమావాస్య వచ్చింది. కొట్టు ముందర ఊరంతా చేరింది. ఒక్కొక్కరు వచ్చి తట్టలో గుడ్డ వేస్తున్నారు. చౌడక్క వంతు వచ్చింది. కొంగు ముడి విప్పి, నల్లబడ్డ పన్ను తీసి, గుడ్డల మీద పెట్టింది.

"ఏందిది?" అన్నాడు గుమాస్తా.

"పన్ను నాయనా. తెమ్మంటివి కదా."

గుమాస్తా కడుపు పట్టుకుని నవ్వాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. "షావుకారూ, చూడండి! ముసలిది పన్ను కట్టింది!" అని మూడోసారి నవ్వాడు. షావుకారు నవ్వలేదు. "గుడ్డ లేదు కదా. పోయి దాని మగ్గం ఊడదీయండ్రా" అన్నాడు.

చౌడక్క అడ్డంగా నిలబడింది. నోట్లో వాపు దిగింది. మాట తేటగా వచ్చింది.

"ఎందుకు ఊడదీస్తారు సామీ? జ్యోతి ముట్టి మీరే చెప్తిరి కదా, మీ పన్ను కాపాడే పూచీ నాదని. అయ్య పంటి కోసం గుడ్డ అడుగుతున్నాడు, మా బాధ ఆయనకు తెలిసింది అనుకుంటిని. అందుకే జానెడు పైన బెత్తెడు వేస్తిని. పన్ను గుడ్డ అంటే పంటికి ఇచ్చే గుడ్డ కాదా? ఇంకో పన్ను ఉందని నాకు ఎవరూ చెప్పలేదే!"

ఇన్నేళ్ళూ ఆమె బెత్తెడు ఎందుకు వేసిందో అప్పుడు ఊరికి తెలిసింది. ఒక్కొక్కరి నాలుకా వాళ్ళ నోట్లో ఖాళీలు వెతుక్కుంది.

గుంపులో మార్కండయ్య అని పెద్ద నేతగాడు. ఒట్టు వేసిన రోజు జ్యోతి పట్టుకున్నది ఆయనే. ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"నేనూ అట్లే అనుకున్నా షావుకారూ."

అబద్ధం. ఆయనకు తెలుసు. అయినా అన్నాడు.

ఆయన కోడలు ముసుగు సర్దుకుని, "నేనూ అట్లే అనుకున్నా" అన్నది. అదీ అబద్ధమే.

మొన్న మొన్న పెళ్ళయిన రుద్రప్ప, నోట్లో ఒక్క పన్ను కదలనివాడు, "నేనైతే అదే అనుకుని పెళ్ళి చేసుకున్నా" అన్నాడు. ఇక ఊరంతా అన్నది. అట్లే అనుకున్నాం, అట్లే అనుకున్నాం, అట్లే అనుకున్నాం.

షావుకారు ముఖం మాడింది. "చౌడమ్మ ముందరికి వచ్చి ఈ మాట అంటారా?"

"వస్తాం," అన్నాడు మార్కండయ్య. "మీరూ రండి. మేం జ్యోతి ముట్టి ఏ పన్ను అనుకున్నామో చెప్తాం. మీరు జ్యోతి ముట్టి ఇన్నాళ్ళ గుడ్డ యాడికి పోయిందో చెప్పండి."

షావుకారు లేవలేదు. లేవడని మార్కండయ్యకు తెలుసు. ఇద్దరికీ తల్లి అంటే భయమే, కానీ ఒకరి భయం పెద్దది.

ఆ పొద్దే కట్టుబాటు కుదిరింది. నొప్పి పుడితే మందు. కదిలితే కట్టు. కుళ్ళితే పీకడం. మగ్గం ఎక్కినవాళ్ళకూ అంతే, మగ్గం దిగినవాళ్ళకూ అంతే. అడుక్కోవడం లేదు, దండం పెట్టడం లేదు. గుడ్డ వేసినవాళ్ళది హక్కు. తట్టకు కాపలా మార్కండయ్య. ఏటి అవతలినుంచి పంటి వైద్యుడు వచ్చి, మొట్టమొదట చౌడక్క నోరు చూశాడు. ఆమె మగ్గం ఊడదీయలేదు. సగంలో ఆగిన చీర పూర్తయింది. నయమయ్యాక మొదటిసారి నాడె పీల్చినప్పుడు వీధి వీధంతా ఆ చప్పుడు విన్నదంటారు.

చౌడక్క చాలాకాలం బతికి, మగ్గం మీదే కన్ను మూసింది. గుమాస్తా నవ్వుతూ పక్కన పెట్టిన ఆ పన్నును మార్కండయ్య దాచి ఉంచాడు. ఆమె మగ్గం గుంజ తొలిచి దాన్ని అందులో పెట్టారు. ఇప్పటికీ మావాళ్ళ పిల్లలకు పాలపన్ను ఊడితే ఇంటి కప్పు మీదికి విసరం. మగ్గం గుంజ దగ్గర పెట్టి, "చౌడక్కా, ఇది తీసుకో, గట్టిది ఇవ్వు" అంటాం.

ఇంకొకటి ఉంది. మావాళ్ళలో సంఘానికి పన్ను వసూలు చేసేవాడు ఎంత గొప్పవాడైనా సరే, ముందు వంగి ఇచ్చేవాళ్ళ నోరు చూడాలి. ఇచ్చేవాళ్ళు ఆ అని తెరుస్తారు. చూసి, ఏ పన్ను బాగుందో ఏది చెడిందో చెప్పి, అప్పుడు తట్ట ముందుకు జరపాలి. చూడకుండా జరిపితే ముసలివాళ్ళమంతా ఒకటే మాట అంటాం: "నోరు చూడందే చెయ్యి చాపొద్దు."

గుమాస్తా పేరు అడుగుతారని తెలుసు. నాకు తెలుసు ఆ పేరు. మా అవ్వకూ తెలుసు. వాళ్ళ వంశంవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళింట్లో నేను మంచినీళ్ళు ముట్టను. ఆ పేరు నాతోనే పోతుంది. చౌడక్క పేరు మీరు పట్టుకోండి.

ఏదీ, నోళ్ళు తెరవండి. చూస్తాను.