గుచ్చుకోని కర్ర

ఒక కొండ కింద ఒక ఊరు ఉండేది. కొండకి అవతల సంత. మధ్యలో ఒక జారుబండ.

ఉప్పు తెచ్చుకోవాలన్నా, చింతపండు అమ్ముకోవాలన్నా ఆ బండ మీంచే పోవాలి. ఎండాకాలంలో అది నున్నగా ఉండేది. వానాకాలంలో పాచిపట్టి ఇంకా నున్నగా ఉండేది. ఎక్కినవాళ్ళలో ఎవరో ఒకరు జారిపడి కాలు విరగ్గొట్టుకునేవారు. ఊరివాళ్ళు దానికి అలవాటు పడిపోయారు. కాళ్ళు విరగడానికి కూడా అలవాటు పడతారా అని నన్నడక్కండి. మనుషులు దేనికైనా పడతారు.

ఆ ఊళ్ళో ఒక అవ్వ ఉండేది. ఆవిడ ఒక్కతే అలవాటు పడలేదు. ఆవిడ చెల్లెలు చిన్నతనంలోనే ఆ బండ మీద జారి మళ్ళీ లేవలేదు. అప్పటికి అవ్వ కూడా అవ్వ కాదు, పడుచుపిల్ల. ఏడ్చినన్నాళ్ళు ఏడ్చింది. తర్వాత బండ మొదట్లో పాక వేసుకుని చంకకర్రలు చెయ్యడం మొదలుపెట్టింది. ఎవరి కాలు విరిగినా కట్టు కట్టి, చేతికి కర్ర ఇచ్చి పంపేది.

ఆ కర్రకి వెల లేదు గానీ షరతు ఉంది. కాలు బాగుపడగానే కర్ర తెచ్చి ఇచ్చెయ్యాలి. ఇచ్చేసి ఉలీ సుత్తీ పట్టుకుని బండెక్కి, తాను ఎక్కడ పడ్డాడో సరిగ్గా అక్కడ ఒక మెట్టు చెక్కాలి. పడినవాళ్ళే చెక్కాలి. వాళ్ళ బదులు ఇంకొకరు చెక్కడానికి వీల్లేదు.

అలా ఏళ్ళ తరబడి పడినవాళ్ళందరూ చెక్కగా చెక్కగా మెట్లు కిందినుంచి దాదాపు పైదాకా వచ్చాయి. శిఖరం దగ్గర కొంచెం మేర మాత్రం మిగిలింది. జారేవాళ్ళు ఇప్పుడు అక్కడే జారుతున్నారు.

"ఆ కాస్తా అయిపోతే ఈ పాక తలుపు మూసేస్తా. కర్రలన్నీ పొయ్యిలో పెట్టి, ఆ మంట మీద పాయసం కాచి ఊరందరికీ పోస్తా" అనేది అవ్వ. ఆవిడకి అంతకు మించిన కోరిక లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. అవ్వ కర్రల తలకాయలు మహా గరుకు. చంకలో గుచ్చుకునేవి. అందులో రహస్యమేమీ లేదు. నున్నగా చిత్రిక పట్టడానికి ఆవిడకి తీరికా లేదు, ఓపికా లేదు. పుచ్చుకున్నవాళ్ళు తిట్టుకుంటూనే నడిచేవారు. కాలు నిలబడీ నిలబడగానే "ఇదిగో నీ కర్ర, నువ్వే ఉంచుకో తల్లీ" అని విసిరేసి పోయేవారు.

అంతా బాగానే ఉండేది గానీ, శిఖరం దగ్గర ఉన్నది నల్లరాయి. అవ్వ ఉలులు దానిమీద వంగిపోతున్నాయి. గట్టి ఉక్కు ఉలులు ఉన్నది ఏనుగు ఆసామి దగ్గర. ఆయన మంచి పనులకి సాయం చేస్తాడని పేరు. ఏనుగెక్కి వస్తాడు, చూస్తాడు, ఒకే ఒక్క మాట అడుగుతాడు: "ఇది పెరుగుతుందా?" ఔనంటే ఇస్తాడు, కాదంటే ఏనుగుని వెనక్కి తిప్పేస్తాడు.

పెద్ద ఊళ్ళో ఒక బడి ఉంది. చిన్న పనిని పెద్దది చెయ్యడం ఎలాగో ఆ బడిలో నేర్పుతారు. చదువు ముగిసేముందు పిల్లలు ఎవరో ఒక మంచి పని చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. ఆసామి ముందు నిలబడగలిగేలా వాళ్ళని తయారుచెయ్యాలి. అవ్వ దగ్గరికి ఇద్దరొచ్చారు. ఒకమ్మాయి, చేతిలో కొలతాడు. ఒకబ్బాయి, చేతిలో రంగుల పెట్టె. కొండ దిగుతూ అమ్మాయి శిఖరం దగ్గరే జారిపడింది.

అవ్వ కట్టు కడుతూ అడిగింది: "ఎవరు పంపారమ్మా మిమ్మల్ని?"

"మా పంతులుగారు. మీకు సాయం చెయ్యమన్నారు" అంది అమ్మాయి పళ్ళు బిగబట్టి.

"చేద్దువుగాని. ముందు కాలు కదపకు."

పిల్లలు చెడ్డవాళ్ళు కారు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత వాళ్ళని తిట్టిపోస్తారేమోనని. అబ్బాయి పాకంతా ఊడ్చాడు. అమ్మాయి అవ్వ ఇచ్చిన కర్ర మీద కుంటుకుంటూనే పాకలోని కర్రలన్నీ కొలిచింది. అవ్వ పెట్టిన గంజి తాగి, చాలా బాగుందని ఇంకో ముంత అడిగారు.

ఒకరోజు అబ్బాయి అడిగాడు: "అవ్వా, ఇంకో పదేళ్ళకి ఈ పాక ఎలా ఉండాలని మీ ఆశ?"

"మూసేసి ఉండాలి నాయనా."

అబ్బాయి చేతిలో కుంచె కిందపడింది. నిజంగానే పడింది. వాడి చదువు మొత్తంలో అలాంటి జవాబు వినలేదు. "మూసెయ్యడానికా ఇంత పని చేస్తున్నారు?" అన్నాడు.

"మరి? ఎన్నాళ్ళని పడతారు జనం?"

"అవ్వా, మీకు దణ్ణం పెడతాను. ఆసామి ముందు మాత్రం ఆ మాట అనకండి. ఉలులు రావు."

ఉలులు రావంటే అవ్వ భయపడింది. సరే, అననులే అంది. ఆవిడ తప్పేమైనా ఉంటే అది ఇక్కడే మొదలైంది.

ఈలోగా అమ్మాయి చంక ఒరుసుకుపోయి ఎర్రగా కందింది. రాత్రీ పగలూ మంట. పాపం, తనకే ఇలా ఉంటే ముసలివాళ్ళకీ పసివాళ్ళకీ ఎలా ఉంటుందో అనుకుంది. బూరుగు దూది తెచ్చి, మెత్తటి గుడ్డలో కూరి, చిన్న దిండు కుట్టి కర్ర తలకాయకి కట్టింది. అవ్వ దాన్ని చంకలో పెట్టుకు చూసి "అబ్బ, ప్రాణం లేచొచ్చిందే!" అంది. వెంటనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇన్నేళ్ళూ జనాన్ని ఎంత హింస పెట్టానే! ఈ బుద్ధి నాకెందుకు పుట్టలేదే!"

కర్రలన్నిటికీ దిండ్లు కట్టారు. అబ్బాయి వాటిమీద చిలకలూ మామిడిపిందెలూ వేశాడు. ఊరు ముక్కున వేలేసుకుంది. ఇంత అందమైన కర్ర ఇంతకు ముందు ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు.

అక్కడినుంచి చిత్రమైన సంగతులు జరిగాయి. కాలు బాగుపడిన కుమ్మరి కర్ర ఇవ్వడానికి రాలేదు. అడిగితే "ఇంకో నాలుగు రోజులుంచుకుంటా అవ్వా, హాయిగా ఉంది" అన్నాడు. చాకలామె కూడా అదే మాట అంది. తర్వాత అసలు పడనివాళ్ళు రావడం మొదలుపెట్టారు. "పక్కింటివాళ్ళకి ఉంది, మాకు లేదు" అన్నారు. ఒక పెళ్ళికొడుకు కర్రతోనే పీటల మీదికి వచ్చాడు. అయ్యయ్యో, అప్పుడప్పుడే తప్పటడుగులు వేస్తున్న పిల్లలకి చిట్టి కర్రలు చేయించుకుపోయారు తల్లులు! ఇదేమిటని అడిగేవాళ్ళు లేరు. అవ్వకి ఊపిరి సలపనంత పని.

అమ్మాయి కొలతాడుతో ఊరంతా తిరిగి వచ్చి "పెరుగుతోంది!" అంది. అబ్బాయి గంతులు వేశాడు.

ఒకనాటి పొద్దున్నే అవ్వ పాక బయట నిలబడి చెవి పెట్టి విన్నది. బండ మీంచి ఏ చప్పుడూ లేదు. ఆవిడ పడుచుతనం నుంచీ రోజూ వింటున్న ఉలి చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. కర్ర ఇస్తే కదా మెట్టు చెక్కేది! కర్రలే ఎవరూ ఇవ్వడం లేదు.

"అమ్మాయ్, మెట్లు ఆగిపోయాయే" అంది కంగారుగా.

"ఆసామి రానివ్వండవ్వా. గట్టి ఉలులొస్తే ఊరంతా కలిసి ఒక్కరోజులో చెక్కేస్తారు. ఇప్పుడు మనకి ఎంతమంది ఉన్నారో చూడండి" అంది అమ్మాయి. అది నిజమేననిపించింది అవ్వకి. మీరైనా ఔననే అందురు.

ఆసామి వచ్చాడు. డప్పులు, గంటలు, ఏనుగు. ఏనుగు వీపున ఉలుల పెట్టె కూడా ఉంది. ఎండకి ఆ ఉలులు తళతళ మెరుస్తుంటే అవ్వ వాటివంకే చూస్తూ నిలబడిపోయింది. ఊరు ఊరంతా రంగు కర్రలు చంకన పెట్టుకుని బారులు తీరింది.

"ఇది పెరుగుతుందా?" అన్నాడు ఆసామి.

"మీ కళ్ళముందే ఉంది బాబుగారూ" అన్నాడు అబ్బాయి.

ఆసామి చూశాడు. చూసి తలాడించి, పెట్టె దింపమన్నాడు. అవ్వకి పట్టలేనంత సంతోషం. పరుగెత్తుకెళ్ళి ఉలి ఒకటి చేతిలోకి తీసుకుని ఎత్తి పట్టుకుంది. "రండర్రా! మీ కాళ్ళన్నీ ఎప్పుడో బాగుపడ్డాయి. కర్రలు అక్కడ పడేసి తలో ఉలీ పట్టండి. పొద్దుగూకేలోగా శిఖరం చేరదాం. పాయసం నాది!"

జనం నవ్వారు. ఈలలు వేశారు. అందరికంటే దిట్టమైనవాడు కుమ్మరి ముందుకొచ్చాడు. కర్ర పక్కన పడేసి ఒక అడుగు వేశాడు.

పడిపోయాడు.

తమాషా చేస్తున్నాడనుకుని జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. "ఓరి నీ నటన తగలెయ్య" అంటూ చాకలామె తన కర్ర వదిలింది. ఆమె కూడా పడింది. లేవదీద్దామని పెళ్ళికొడుకు వంగాడు. వాడూ పడ్డాడు. నవ్వులు ఆగిపోయాయి. అక్కడ జారడానికి బండ లేదు, పాచి లేదు. అది పొడినేల. పసిపిల్లలు ఆడుకునే నేల. దానిమీద మనుషులు లేవలేక పాకుతున్నారు!

అవ్వ ఎత్తిన చెయ్యి దించనే లేదు. చేతిలో ఉలి అలాగే ఉంది. అమ్మాయి తన కాళ్ళవంక చూసుకుంది. ఆమె కాలు బాగుపడి ఎన్నాళ్ళయిందో ఆమెకే తెలియదు. కర్ర ఇంకా చంకలోనే ఉంది. దాన్ని వదిలి చూద్దామంటే ధైర్యం చాలలేదు.

ఇప్పుడు ఆసామి కోప్పడతాడనుకున్నారు అందరూ. మోసం అని అరిచి ఏనుగుని తిప్పేస్తాడనుకున్నారు. ఆయన కోప్పడలేదు. నేలమీద పాకుతున్నవాళ్ళని అలా చూస్తూ ఉండగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"అంటే అసలు బండే అక్కర్లేదన్నమాట!" అన్నాడు. "నేనింకా బండ ఉన్న ఊళ్ళోనే ఇది నడుస్తుందనుకున్నా. నేల లేని ఊరుంటుందా ఎక్కడైనా?"

అబ్బాయి అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టాడు. రెండోసారికి చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"అయ్యా, మరి ఉలులు?" అంది అవ్వ.

"ఉలులెందుకవ్వగారూ ఇక? వీటిని కరిగించి కర్రల అడుగుకి పొన్నులు వేయిద్దాం. అరిగిపోకుండా ఉంటాయి." ఆయన అవ్వ చేతిలో ఉలిని ఎంతో మర్యాదగా తీసుకుని పెట్టెలో పడేశాడు. ఏనుగు లేచింది. పొన్నుల కర్రలు ఇస్తారట అన్న మాట వినగానే పడినవాళ్ళు కర్రలు వెతుక్కుని, ఒకరినొకరు లేపుకుని, మట్టి దులుపుకుని ఏనుగు వెనకాలే బయల్దేరారు. నమ్మండి, నవ్వుకుంటూ వెళ్ళారు. అబ్బాయి ఎటు వెళ్ళాలో తెలియక రంగుల పెట్టె మీద కూలబడ్డాడు.

అమ్మాయి పాకలోకి పోయి కత్తి తెచ్చింది. తను కుట్టిన దిండు తనే పరపరా కోసేసింది. బూరుగు దూది గాలికి లేచి అవ్వ జుట్టునిండా పడింది. బోడి కర్రని మళ్ళీ చంకలో పెట్టుకుని, దానిమీద భారం మోపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గుచ్చుకుంటోందవ్వా."

అవ్వ ఆ కర్రనీ ఆ పిల్లనీ మార్చి మార్చి చూసింది. అన్నేళ్ళ తర్వాత ఆవిడకి ఏదో అర్థమైనట్టుంది. "గుచ్చుకోనీ తల్లీ" అంది.

చూరులోంచి తన పాత ఉలి తీసింది. వంగిపోయిన ఉలి. దాన్ని రాతిమీద పెట్టి, సుత్తితో కొట్టి ఓపిగ్గా సాపు చేసి అమ్మాయి చేతిలో పెట్టింది.

"నువ్వు పడ్డచోటు గుర్తుందా?"

అమ్మాయి తలెత్తి కొండవైపు చూసింది. చోటు గుర్తుంది. అక్కడ ఇంకా మెట్టు లేదు.